వెళ్ళాల్సిన తట్టలు

ఆ స్టేషను దుంగల కోసం కట్టారు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త మనసు తేలికపడుతుంది. అడవిలో కొట్టిన గుగ్గిలం దుంగల్ని ఘాటు దింపి పడేసుకోవడానికి ఒక చదును నేల కావాలి, వాటిని బళ్ళలోకి ఎక్కించడానికి పక్కనే పట్టాలు కావాలి. అందుకని ముందు సైడింగు వేశారు. సైడింగుకి కాపలా మనిషి కావాలని గుడిసె వేశారు. గుడిసెకి గంట కట్టారు. గంట ఉంది కదాని కొన్నేళ్ళకి పేరు రాసిన బోర్డు పాతి, దాన్ని స్టేషను అన్నారు. ఇంతే దాని చరిత్ర. ఆ చరిత్రలో ఎక్కడా బండెక్కే మనిషి లేడు.

కొండవాళ్ళు సర్కారు మీద లేచిన పితూరీ సద్దుమణిగిన మరుసటి ఏడు నన్ను అక్కడికి గుమాస్తాగా వేశారు. టిక్కెట్లు కొట్టడం, పార్సిళ్ళు రాయడం, తంతి పెట్టె దగ్గర కూర్చోవడం, స్టేషను మాస్టరుగారికి కునుకు పడితే సిగ్నలు చూడడం, అన్నీ నేనే. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పట్నంలో పెద్ద స్టేషను ఇస్తారని ఆశపడ్డాను. ఇచ్చింది ఇది. వచ్చిన మొదటి రోజునుంచీ నాకు ఒళ్ళు మంటే.

రోజుకి రెండు బళ్ళు ఆగేవి. పొద్దున్న పట్నం వెళ్ళే మిక్స్‌డు, సాయంత్రం పట్నం నుంచి వచ్చే మిక్స్‌డు. మిక్స్‌డంటే ముందు సరుకు పెట్టెలు, వెనక మనుషుల పెట్టెలు. సరుకు ఎక్కించడం అయ్యేదాకా మనుషులు ఎండలో మగ్గాల్సిందే. మెయిలు ఆగదు, మా ముఖాన దుమ్ము కొట్టి పోతుంది. వెయిటింగు రూము ఒకటి ఉండేది. దానికి తాళం. తాళం చెవి మాస్టరుగారి మొలతాడుకి ఉండేది. నేనున్న మూడేళ్ళలో ఆ గది తలుపు రెండుసార్లు తీశారు, ఒకసారి వేటకొచ్చిన దొర కోసం, ఇంకోసారి లోపల పట్టిన తేనెపట్టు తీయించడం కోసం. మంచినీళ్ళకని ఒక పీపా పెట్టారు. వేసంగిలో అది ఎండిపోయేది, వానాకాలంలో దాంట్లో కప్పలుండేవి. కొండ సరుకు తడవకుండా చిన్న షెడ్డు వేయించమని పైవాళ్ళకి నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ "పరిశీలనలో ఉన్నది" అని ఒకటే జవాబు. ఏం పరిశీలించారో, ఆ పరిశీలించినవాడు ఒక్కసారైనా అక్కడ వానలో నిలబడ్డాడో లేదో దేవుడికెరుక.

శుక్రవారం స్టేషను వెనక మైదానంలో సంత. అరకు వైపు కొండల్నుంచి, హుకుంపేట దారిలోని ఊళ్ళనుంచి, ఒక పగలూ ఒక రాత్రీ నడిచి జనం దిగేవారు. చింతపండు, పసుపు, కరక్కాయలు, అడ్డాకులు తెచ్చి, ఉప్పూ ఎండుచేపలూ గుడ్డలూ పట్టుకెళ్ళేవారు. రైలొచ్చే వేళకి వచ్చి గట్టుమీద కూర్చుని చూసేవారు గానీ ఎక్కేవారు కాదు. వాళ్ళు ఎక్కాలని మాకూ ఏమంత తాపత్రయం లేదు. మా పుస్తకాల్లో వాళ్ళ సరుకు ఉండేది, సరుకు కొన్న షావుకార్ల పేర్లు ఉండేవి.

ఆ కొండలవాళ్ళలో మొదటిసారి టిక్కెట్టు మీద బండెక్కిన మనిషి ఒక ఆడమనిషి. పోడు కొట్టేటప్పుడు గొడ్డలి జారి ఆవిడ ఎడమకాలు తెగింది. చీము పట్టింది. సంతలో మందులిచ్చే మిషను నర్సమ్మ చూసి, పట్నం ఆసుపత్రికి తీసుకుపోకపోతే కాలు దక్కదని చెప్పింది. మొగుడూ ఊరివాళ్ళూ ఆవిణ్ణి డోలీలో మోసుకుని ప్లాట్‌ఫారం మీదికి తెచ్చారు. నర్సమ్మ వెంట వెళ్తోంది. మొగుడు వెళ్ళడానికి లేదు. ఇంట్లో ఇద్దరు పసివాళ్ళు, కొండమీద పోడు తగలబెట్టి విత్తే అదను.

అతనికి ముప్పై అయిదేళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. బండి కదిలేదాకా పెళ్ళాం వైపు చూస్తూ నిలబడి, కదిలాక నా దగ్గరికి వచ్చాడు.

"బాబూ, ఆల్లక్కడ వరన్నమే ఎడతారంట. దానికి వరన్నం పడదు. సోడంబలి నేకపోతే బతకదు. నాను ఇంటికాడనించి పంపుతాను. ఈ రైలు తీసుకెల్తాదా?"

నేను టిక్కెట్ల లెక్క సరిచూసుకుంటున్నాను. తల కూడా ఎత్తలేదు.

"తీసుకెళ్తుంది. దానికోసమే కదా ఉంది" అన్నాను.

"సంతసంతకీ?"

"రోజూ తీసుకెళ్తుందిరా బాబూ, వెళ్ళు" అన్నాను. అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

వాళ్ళ కొండల్లో ఒక పద్ధతి ఉంది. అది నాకు తర్వాత తెలిసింది గానీ చదివేవాళ్ళకి ఇక్కడే చెప్పడం న్యాయం. దూరపు ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఏదైనా పంపాలంటే వాళ్ళు దాన్ని తమ ఊరి పొలిమేర దాకా మోసుకొచ్చి దించుతారు. దానిమీద ఒక పుల్ల గుచ్చి, పుల్లకి ఆకు ముడి వేస్తారు. ముడి కొస ఎటు తిరిగి ఉంటే సరుకు అటు వెళ్ళాలి. ఆ దారిన పోయేవాడు ఎవడైనా సరే, దాన్ని ఎత్తుకుని పై ఊరి పొలిమేర దాకా మోసి దించుతాడు. అక్కణ్ణించి ఇంకొకడు. ఎవరిది అని అడగరు. ఎవరికని అడగరు. దారిలో ఉన్న ఆఖరి ఊరివాళ్ళకి అది ఎవరికో తెలిసే ఉంటుంది. అలా వెళ్ళిన తట్టలోంచి గింజ కూడా ఎవరూ తీయరట.

తమ దారిలో పై ఊరు మా స్టేషనే అనుకున్నాడతను. నేనే చెప్పాను కదా, తీసుకెళ్తుందని.

పై శుక్రవారం మిక్స్‌డు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం చివర ఒక వెదురు తట్ట కనిపించింది. చోడిపిండి, అదే రాగిపిండి, ఎండబెట్టిన లేత వెదురు కొమ్ములు, ఒక ఆనపబుర్ర నిండా తేనె. పైన పుల్ల, పుల్లకి ఆకు ముడి. ముడి కొస పట్నం వైపు పట్టాల మీదికి చూస్తోంది. ఎవడో మతిమరుపువాడు వదిలేసి పోయాడని విసుక్కున్నాను. పితూరీ రోజులనుంచీ ఒక సర్క్యులరు ఉండేది. కొండవాళ్ళ మూటలు దిక్కులేకుండా కనబడితే విప్పి చూసి, రాసి, లోపల పెట్టాలి. విప్పాను, రాశాను, లోపల పెట్టాను. లోపలంటే పగిలిన లాంతర్లూ చిరిగిన జెండాలూ పడేసే మూల.

రెండో శుక్రవారం రెండో తట్ట. పట్టాలు మార్చే మా పాయింట్స్‌మన్ దాన్ని గార్డుకి చూపించాడు. బిల్లు లేనిదే బియ్యపు గింజ కూడా ఎక్కించనన్నాడు గార్డు. తప్పేముంది, రూలు అదే. పంపేవాడి పేరుండాలి, అందుకునేవాడి పేరుండాలి, చీటీ అంటించి ఉండాలి. ఆకు ముడి గురించి మా పుస్తకంలో లేదు.

మూడోది వచ్చేసరికి నాకు కోపం వచ్చింది. దాన్ని చంకన పెట్టుకుని సంతలోకి పోయి, "ఎవరిదిది? ఎవరు వదిలేశారు?" అని అరిచాను. కొండవాళ్ళు నా చేతిలోని తట్టనీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూశారు. ఒక ముసలామె మాత్రం, "అది ఎల్లాల్సింది బాబూ, ఎనక్కి తేకూడదు" అంది. వాళ్ళతో మాట్లాడ్డం నా వల్ల కాదనుకుని తిరిగొచ్చాను. ఆవిడ చెప్పాల్సిందంతా ఆ ఒక్క ముక్కలో చెప్పేసింది. వినే బుద్ధి నాకు లేకపోయింది.

పాడయ్యే సరుకు అయిదు రోజులు దాటితే మాస్టరుగారి ఇష్టప్రకారం తీసేయొచ్చు. "సోడిపిండి పురుగట్టేత్తన్నాది బాబూ, నాను అంబలి కాసేత్తాను" అన్నాడు పాయింట్స్‌మన్. కాసుకోమన్నారు మాస్టరుగారు. తేనె ఆయన ఇంటికి వెళ్ళింది. ఒకరోజు నాకూ ఒక గ్లాసు అంబలి ఇచ్చారు. తాగాను. చాలా బాగుంది కూడా.

నాలుగో తట్టకీ అదే గతి. అయిదో శుక్రవారం మిక్స్‌డు ఆలస్యమైంది. నేను ప్లాట్‌ఫారం మీద పచార్లు చేస్తుండగా ఆ పెళ్ళాన్ని బండెక్కించినతను వచ్చాడు. భుజం మీది తట్ట జాగ్రత్తగా దించి, పుల్ల సరిచేసి, నన్ను చూసి నవ్వాడు.

"ఏటి బాబూ, కబురేటి? తింతన్నాదా? అంబలి సాలతన్నాదా?"

నాకు చప్పున అంతా తెలిసిపోయింది. చేసిన తప్పు కళ్ళెదుట కనబడగానే మనిషి చేసే పనే నేనూ చేశాను. అతని మీద విరుచుకుపడ్డాను.

"ఇలా పడేసి పోతే ఎలా వెళ్తుందనుకున్నావురా? చీటీ రాయించాలని తెలీదూ? గుమాస్తా దగ్గరికి వచ్చి చెప్పాలని తెలీదూ?"

"నువ్వే సెప్పినావు గదా బాబూ, తీసుకెల్తాదని" అన్నాడు. తప్పు పడుతున్నట్టు కాదు, గుర్తు చేస్తున్నట్టు అన్నాడు. తర్వాత కొంచెం భయంగా, "మరి ఎల్లనేదా?" అని అడిగాడు.

"వెళ్తున్నాయిలే. ఇకమీద నా చేతికివ్వు, ప్లాట్‌ఫారం మీద పెట్టకు" అన్నాను. నా జీవితంలో చాలా అబద్ధాలు ఆడాను. వాటిలో ఇంత పిరికిది ఇంకోటి లేదు. అతని ముఖం మళ్ళీ విచ్చుకుంది. పోడులో విత్తనం పడిందనీ, మొలక వచ్చేసరికి ఆమె వచ్చేస్తే బాగుండుననీ చెప్పి సంతలోకి పోయాడు.

ఆ తట్టకి ఆ నిమిషానే చీటీ రాసి గార్డు చేతికిస్తే పోయేది. కానీ అయిదు వారాలు ఏమీ అందకుండా ఉన్న మనిషికి ఊరికే ఒక తట్ట వెళ్తే చాలదనిపించింది. నేనే వెళ్ళి, జరిగింది చెప్పి ఇవ్వాలనుకున్నాను. మంచి పని చేద్దామనుకున్నప్పుడే ఆలస్యం చేశాను. మాస్టరుగారిని ఒక్క రోజు సెలవు అడిగాను.

"ఎవరి కోసమయ్యా? నీకు చుట్టమా పక్కమా?" అన్నారు.

సంగతి చెప్పాను.

"రిలీఫు గుమాస్తా లేకుండా సెలవేమిటి? రాస్తాను, వాళ్ళు పంపితే వెళ్ళు. అయినా నువ్వు రూలు తప్పావా? తప్పలేదు. మరెందుకు గింజుకుంటావు?"

రాశారు. శని పోయింది, ఆదివారం పోయింది, సోమవారం పోయింది. రిలీఫు గుమాస్తా రావలసిన బండి రాలేదు. అది వచ్చిననాడు అతను రాలేదు. రోజూ పట్నం నుంచి వచ్చే బండీ పట్నం పోయే బండీ నా కళ్ళముందే ఆగుతున్నాయి. నేనే గంట కొట్టి పంపుతున్నాను. నాకు మాత్రం ఎక్కడానికి లేదు. చెప్పాపెట్టకుండా ఎక్కేసి ఉంటే ఏమయ్యేది? మహా అయితే ఉద్యోగం పోయేది. ఆ ధైర్యం లేక తిట్టుకుంటూ కూర్చున్నాను.

బుధవారం రిలీఫు వచ్చింది. గురువారం పొద్దున్నే తట్ట ఒళ్ళో పెట్టుకుని మిక్స్‌డు ఎక్కాను. మూడు చోట్ల సరుకు పెట్టెలు తగిలించుకోవడానికి ఆపారు. ఒకచోట ఇంజనుకి నీళ్ళు లేవన్నారు. మనం నడిపే బండిలో మనమే కూర్చుంటే గానీ అది ఎంత దిక్కుమాలిన బండో తెలియదు. ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

నర్సమ్మ నన్ను గుర్తుపట్టింది. నా చేతిలో తట్ట చూడగానే ఆవిడ ముఖం మారిపోయింది.

"ఇప్పుడా తెస్తారు? ఆమె వెళ్ళిపోయి మూడు రోజులైంది."

కాలు నయమైందట. కుంటకుండా నడుస్తోందట. వరన్నం తినలేక సగం పస్తులుండేదట. మిగతా రోగులకి ఇళ్ళనుంచి అన్నం వస్తుంటే చూసేది. మొదట్లో మిక్స్‌డు కూత వినబడగానే మెట్లమీదికి వచ్చి కూర్చునేదట. తర్వాత రావడం మానేసిందట.

"ఏం, మీ ఆయన ఏమీ పంపలేదేం అని నేనే అడిగాను" అంది నర్సమ్మ. "'ఆడు ఇంకోదాన్ని తెచ్చుకున్నాడమ్మా, నేకపోతే నా బువ్వ రాకుండా ఉంటాదా' అంది. 'అలా అనుకోకమ్మా, ఏదో అడ్డం వచ్చుంటుంది' అని చెప్పాను. 'మా దారిలో తట్ట ఆగదమ్మా' అంది."

ఆ వారంలోనే అస్సాం తేయాకు తోటలకి కూలీలని పోగుచేసే సర్దారు ఒకడు పట్నంలో దిగాడు. కొండల నుంచి వచ్చిన ఎనిమిది మందిని మాటల్లో పెట్టి తీసుకుపోయాడు. వాళ్ళతో ఆమె వెళ్ళింది. పిల్లలున్నారు కదమ్మా అని నర్సమ్మ అడ్డుపడిందట. ఇంట్లో ఇంకో ఆడది ఉంటే పిల్లల్ని చూసుకుంటుందనీ, తనిప్పుడు వెళ్ళి ఆ గడప ముందు నిలబడలేననీ చెప్పి ఏడ్చిందట.

మూడు రోజులు. నేను సెలవు అడిగింది శుక్రవారం. సోమవారం దాకా ఆమె అక్కడే ఉంది. శనివారం బండి పట్టుకుంటే దొరికేది. ఆదివారం పట్టుకున్నా దొరికేది.

చోడిపిండి అక్కడే ఉన్న ఇంకో కొండ రోగికి ఇచ్చేసి, పట్నం స్టేషనుకి పరుగెత్తి, తెలిసిన తంతి గుమాస్తా కాళ్ళావేళ్ళా పడి, ముందున్న జంక్షన్లన్నిటికీ సర్వీసు తంతి కొట్టించాను. కూలీల గుంపు, ఎడమకాలి మీద గొడ్డలి మచ్చ ఉన్న ఆడమనిషి, మొగుడు ఎదురుచూస్తున్నాడని చెప్పి దింపండి. ఒక జంక్షను ఏ గుంపు అని అడిగింది. ఇంకో జంక్షను పేరేమిటని అడిగింది. నాకు ఆమె పేరు తెలియదు. టిక్కెట్టు కొట్టింది నేనే, పేరు అడగలేదు. మిగతావి జవాబే ఇవ్వలేదు. ఏ తోట అన్నది సర్దారుకి తప్ప ఎవరికీ తెలియదు. సొంత పనికి సర్వీసు తంతి వాడినందుకు మాత్రం నాకు సంజాయిషీ కాగితం మూడు రోజుల్లో అందింది. చూశారా, అది ఎంత బేగి వచ్చిందో! షెడ్డు గురించి రాస్తే ఏడాదైనా రాదు.

నేను పట్నం వెళ్ళొచ్చిన మర్నాడే మళ్ళీ శుక్రవారం. నేను పొద్దున్నించీ ప్లాట్‌ఫారం చివరే నిలబడ్డాను. మాస్టరుగారు రెండుసార్లు పిలిచారు, వెళ్ళలేదు. అతను తట్టతో వచ్చాడు. నేను చెప్పినట్టే దాన్ని కిందపెట్టకుండా, నా చేతికివ్వడానికి రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

అంతా చెప్పాను. తట్టలు వెళ్ళలేదని చెప్పాను. పగిలిన లాంతర్ల మూల గురించి చెప్పాను. పోయిన వారం అబద్ధం ఆడానని చెప్పాను. ఆమె ఏమనుకుందో, ఎక్కడికి పోయిందో, ఎందుకు పోయిందో చెప్పాను. అంబలి తాగానని కూడా చెప్పాను. మధ్యలో ఒక్కసారైనా అతను కేకలేస్తాడనీ, తట్ట నా నెత్తిన కొడతాడనీ ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే కొడితే బాగుండునని కోరుకున్నాను.

"అస్సామంటే ఎన్నూళ్ళ అవతల బాబూ?" అన్నాడు.

"చాలా. రైల్లోనే చాలా రోజులు. ఏ తోటకి పోయిందో కూడా తెలీదు."

మిక్స్‌డు వచ్చింది, సరుకు ఎక్కింది, కూత వేసి వెళ్ళింది. ఆ రోజు గంట పాయింట్స్‌మన్ కొట్టాడు.

"నువ్వు ముడి సూసినావా?" అని అడిగాడతను, తట్ట నా ముందుకి చాపి.

"చూశాను."

"ఎటేపు తిరిగుందో సూసినావా?"

"చూశాను."

"మరి ఎత్తనేదేటి?"

సర్క్యులరు ఉందని అనబోయాను. గార్డు ఒప్పుకోలేదని అనబోయాను.

"అది నా పని కాదనుకున్నానన్నా" అన్నాను. అతన్ని అన్నా అని పిలవడం అదే మొదటిసారి.

అతను వెనక్కి తిరిగి స్టేషనంతా చూశాడు. కుర్చీలో మాస్టరుగారు, జెండా చుడుతున్న పాయింట్స్‌మన్, తంతి పెట్టె, టిక్కెట్టు కిటికీ, తాళం వేసిన గది, అన్నీ చూశాడు.

"ఇంతమందున్నారు గదా. మరెవులి పని బాబూ?" అన్నాడు.

కోపంతో అని ఉంటే భరించేవాణ్ణి. అతను నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.